ఇంగ్లీషువారి రాత్రి, మన రాత్రి

ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయునికి ఏటేటా తప్పక ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. ప్రిపొజిషన్ల పాఠము సగము నడచిన తరువాత వెనుక బల్లమీదినుంచి ఎవడో ఒక కుర్రవాడు లేచి నిలుచుండును. “ఇన్ ద మార్నింగ్ అన్నారు, ఇన్ ది ఆఫ్టర్‌నూన్ అన్నారు, ఇన్ ది ఈవినింగ్ అన్నారు. రాత్రి దగ్గరకు వచ్చేసరికి ఎట్ నైట్ అంటారేమండీ?” అని అడుగును. “అది వాడుక, కూర్చో” అని మనము వానిని కూర్చుండబెట్టుదుము. వాడు కూర్చుండును. ప్రశ్న మాత్రము నిలుచుండియే యుండును.

నేనును చాలా ఏండ్లు ఆ విధముగనే కూర్చుండబెట్టినవాడను. తరువాత ఒక సెలవుచీటీ మూలమున ఈ రాత్రి సంగతి నాకు గట్టిగా ఆలోచింపవలసి వచ్చినది. ఆ కథ తరువాత చెప్పెదను. ముందు కుర్రవాని ప్రశ్న.

‘ఎట్’ అనునది బిందువును చెప్పు మాట. ‘ఇన్’ అనునది ఒక వైశాల్యములోపల ఉండుటను చెప్పు మాట. గడియారములోని గంట బిందువు. కావున ఎట్ సిక్స్. తెల్లవారుట, సూర్యోదయము, మధ్యాహ్నము, అర్ధరాత్రి ఇవియును బిందువులే; కావున ఎట్ డాన్, ఎట్ సన్‌రైజ్, ఎట్ నూన్, ఎట్ మిడ్‌నైట్. ఉదయము, అపరాహ్ణము, సాయంకాలము కొంత నిడివిగలవి. కావున ఇన్ ద మార్నింగ్ మొదలగునవి. దినమునకు, తేదీకి ‘ఆన్’ వచ్చును. ఇంతవరకు చిక్కులేదు. కాని రాత్రికి పది పన్నెండు గంటల నిడివి ఉన్నదే, అది బిందువెట్లయినది?

నాకు తోచిన సమాధానము ఇది. పగటిని మనము లోపలనుండి చూతుము. అందులో నడచుచుందుము, పని చేయుచుందుము, గంటలు లెక్కపెట్టుచుందుము. రాత్రిని బయటనుండి చూతుము. కన్ను మూసి తెరచునంతలో అది దాటిపోవును. నిద్రించువానికి రాత్రి ఒక ముద్ద. దానికి లోపలి గదులు లేవు. కనుకనే అది బిందువువలె ఎట్ పుచ్చుకొన్నదని నేను పిల్లలకు చెప్పుదును. ఇది శాస్త్రనిర్ణయమని నేననను. జ్ఞాపకముంచుకొనుటకు పనికివచ్చు ఊహ మాత్రమే. అయితే ఈ ఊహకు బలము చేకూర్చునది ఒకటి ఉన్నది. ఆ ముద్ద ఎప్పుడు పగులునో అప్పుడు ఇంగ్లీషువాడు కూడ ఎట్‌ను విడిచి ‘ఇన్ ద నైట్’ అనును.

నిద్రలో ఉండగా చంటిబిడ్డ ఏడ్చినది, వాన పడినది, తలుపు చప్పుడైనది. ద బేబీ క్రైడ్ ఇన్ ద నైట్. ఇట్ రెయిన్డ్ ఇన్ ద నైట్. ఐ హెర్డ్ ఎ నాయిస్ ఇన్ ద నైట్. ఇక్కడ ఒక ఫలానా రాత్రి, దాని నడుమ ఎక్కడనో ఒక క్షణము ఉద్దేశింపబడినది. అదే ద బేబీ క్రైస్ ఎట్ నైట్ అన్నచో ఆ బిడ్డకు రాత్రిళ్ళు ఏడ్చు అలవాటున్నదని అర్థము. వైద్యునియొద్ద తల్లి చెప్పు ఈ రెండు వాక్యములకు మందు ఒకటి కాదు. మొదటిది నిన్నటి సంగతి, రెండవది ప్రతిదినము జరుగు సంగతి. వైద్యుడు తిరిగి తన చీటీలో ఎట్ నైట్ అని వ్రాసినచో, అది పడుకొనబోవు వేళ ప్రతిరాత్రి పుచ్చుకొనవలసిన మోతాదు; నడిరేయి లేచి మ్రింగవలసినది కాదు.

విశేషణము చేరినచో కథ మరల మారును. చలిగానుండిన ఒక రాత్రి, ఆన్ ఎ కోల్డ్ నైట్. ఆదివారము రాత్రి, ఆన్ సండే నైట్. ఫలానా తేదీ రాత్రి, ఆన్ ద నైట్ ఆఫ్ అని మొదలగును. ఉదయమునకును ఇదే వరస: ఇన్ ద మార్నింగ్ అని నేర్చిన పిల్లవాడు ఇన్ ద మండే మార్నింగ్ అని వ్రాయును. వారము పేరు ముందు నిలిచిన తక్షణము ఇన్ తప్పుకొని ఆన్ వచ్చి కూర్చుండవలెను. పాఠ్యపుస్తకములలోని పట్టికలు ఈ సంగతిని చివర ఒక మూల చిన్న అక్షరములతో చెప్పుచుండును; మన పిల్లల తప్పులు మాత్రము పెద్ద అక్షరములతో ఇక్కడనే పడుచుండును.

ఇంక మన తెలుగును చూడుడు. పిల్లలకు ఇంగ్లీషు రాత్రిని నేర్పుటకు తెలుగు రాత్రికన్న మంచి సాధనము లేదని నా నమ్మకము. మనకు ప్రిపొజిషన్లు లేవుగాని వాటి పని చేయు ప్రత్యయములు ఎంత సూక్ష్మముగా ఉన్నవి! ‘వాడు రాత్రిళ్ళు చదువుతాడు’ అందుము. ఇది ఎట్ నైట్. ‘రాత్రిపూట గుడ్లగూబ తిరుగుతుంది’ అన్నను అదే. ‘రాత్రి పాప లేచి ఏడ్చింది’ అన్నచో ఇన్ ద నైట్, లేదా లాస్ట్ నైట్. ‘రాత్రికి వస్తాడు’ అన్నచో టునైట్. ‘రాత్రంతా మేలుకొన్నాను’ అన్నచో ఆల్ నైట్. ‘రాత్రికి రాత్రే ఊరు విడిచాడు’ అన్నచో ఓవర్‌నైట్. ఒక్క చిన్న ‘కి’ చేరినంతనే గడచిన రాత్రి రానున్న రాత్రిగా మారిపోవుచున్నది. ఏ ప్రత్యయమును లేని వట్టి ‘రాత్రి’ కూడ క్రియనుబట్టి అర్థము మార్చుకొనును: ‘రాత్రి వచ్చాడు’ అన్నచో నిన్నటిది, ‘రాత్రి వస్తాడు’ అన్నచో నేటిది. ఈ భేదము ఐదేండ్ల బిడ్డకు తెలియును, ఎవ్వరును నేర్పలేదు.

ఇందులో ‘రాత్రిళ్ళు’ అను బహువచనమునకు ఇంగ్లీషులో అచ్చముగా ఒక తోబుట్టువు ఉన్నది. అమెరికావారు హి వర్క్స్ నైట్స్ అందురు. చూచుటకు బహువచనమువలె ఉన్నను, ఆ చివరి సకారము పుట్టుకచేత బహువచనము కాదు. పాత ఇంగ్లీషులో ‘నిహ్టెస్’ అని షష్ఠీవిభక్తి రూపమొకటి ఉండెడిది. రాత్రివేళ అని దాని అర్థము. ఆ షష్ఠి చచ్చిపోయి దాని సకారము మిగిలినది. తరువాతివారు దానిని బహువచనముగా భావించినారు. మనది నిజమైన బహువచనము. వారిది బహువచనపు వేషము. ఫలము మాత్రము ఒకటియే.

‘బై నైట్’ అనునది ఇంకొకటి. బై డే అండ్ బై నైట్ అని జంటగా వచ్చినప్పుడు దాని అందము తెలియును: పగటివేళ ఒక తీరు, రాత్రివేళ ఒక తీరు అని పోల్చిచూపుటకు అది తగిన మాట. కావలివాడు బై డే నిద్రించును, బై నైట్ పని చేయును. కాని మన పిల్లలు దీనిని వేరొక పనికి వాడుదురు. ‘రాత్రికల్లా ముగిస్తాను’ అనుటకు ఐ విల్ ఫినిష్ ఇట్ బై నైట్ అని వ్రాయుదురు. దానికి రాత్రివేళ దొంగచాటుగా ముగించెదనని అర్థమిచ్చు ప్రమాదమున్నది. బై టునైట్ అనవలెను. సాయంకాలమునకు బై ఈవినింగ్ చెల్లుచున్నది గదా, రాత్రికేల చెల్లదని పిల్లలు వాదింతురు. బై నైట్ అను స్థలము అంతకు ముందే వేరొక అర్థము ఆక్రమించుకొని కూర్చున్నది, అంతే.

ఇంగ్లీషు చదివిన తెలుగువాని సంతకమువంటి తప్పు ఇంకొకటి కలదు. టుడే మార్నింగ్. టుడే నైట్. యెస్టర్‌డే నైట్. ఒక్క మనమే కాదు, ఈ దేశమున పెక్కు భాషలవారు ఇట్లే వ్రాయుదురు. ‘ఈవేళ పొద్దున’, ‘నిన్న రాత్రి’ అను మన మాటలకు ఇవి మక్కికి మక్కి. ఇంగ్లీషువాడు దిస్ మార్నింగ్, టునైట్, లాస్ట్ నైట్ అనును. ఇందులో న్యాయము వెదకబోయినచో చిక్కువడుదుము: యెస్టర్‌డే మార్నింగ్ చెల్లును, టుమారో నైట్ చెల్లును, లాస్ట్ నైట్ చెల్లును, లాస్ట్ మార్నింగ్ చెల్లదు, టుడే మార్నింగ్ చెల్లదు. ఇట్టివాటిని నవ్వుచు నేర్పవలెను. వానలో తడిసిన పిల్లవానివలె ముడుచుకొనిపోవునట్లు కోప్పడి నేర్పినచో, వాడు ఆ తరువాత అసలు వాక్యమే వ్రాయుట మానివేయును.

ఆ సెలవుచీటీ సంగతి ఇదియే. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మూడు దినములు బడికి రాక, నాలుగవ దినమున ఇంగ్లీషులో చీటీ తెచ్చినాడు. తన నాయనమ్మ ఆన్ ట్యూస్‌డే ఎట్ టూ థర్టీ ఎ.ఎమ్. మరణించెనని అందులో వ్రాసియున్నది. హాజరుపట్టీ తెరచి చూచితిని. మంగళవారమునాడు వాడు బడికి వచ్చినాడు. పూటపూటకు హాజరు పలికినాడు. సాయంకాలము బంతియాట కూడ ఆడుట నేను కన్నులార చూచినాను. మంగళవారము తెల్లవారుజామున నాయనమ్మ పోయినచో అదే దినము బంతి ఎట్లు ఆడినాడు? తరగతిలో అందరియెదుట వానిని నిలువబెట్టి అడిగితిని. వాడు తల వంచుకొని, “మంగళవారం రాత్రేనండీ” అన్నాడు. బుధవారము కాదా అని గద్దించితిని. “అప్పటికింకా తెల్లవారలేదండీ” అన్నాడు.

ఆ మాట విని కూడ నాకు వెంటనే తట్టలేదు. చీటీమీద ఎర్రసిరాతో అడ్డముగా గీత గీచి ఇచ్చివేసితిని. ఇంటికి పోయి, ఆ రాత్రి బంధువులయింటి శుభలేఖ యొకటి చేతబట్టినప్పుడు తెలిసినది. అందులో ‘శనివారము రాత్రి తెల్లవారితే ఆదివారము’ అని ముహూర్తము వ్రాసియున్నది. వాడును నా శుభలేఖయు మాటాడినది ఒకటే భాష. మన పంచాంగమునకు దినము సూర్యోదయముతో పుట్టి మరుసటి సూర్యోదయముతో ముగియును. పగలు నాలుగు జాములు, రాత్రి నాలుగు జాములు, మొత్తము అరువది గడియలు. నడిరేయి దాటినంతమాత్రమున వారము మారదు. మంగళవారము మాపున పడుకొన్న ఇంట తెల్లవారనిదే బుధవారమెట్లు వచ్చును? ఆ బాలుడు ఎ.ఎమ్. అను గుర్తును పాఠములో నేర్చినట్లు సరిగానే పెట్టినాడు. వారమును మాత్రము తన ఇంటిలో నేర్చినట్లు పెట్టినాడు. రెండును నిజములే, ఒక్క వాక్యములో చేరి అబద్ధమైనవి. మరునాడు తరగతిలో అందరియెదుటనే ఈ సంగతి చెప్పి వాని చీటీ తిరిగి అడిగి పుచ్చుకొంటిని.

ఇంగ్లీషు వాక్యములో రాత్రికి రెండు సరిహద్దులున్నవని పిల్లలకు స్పష్టముగా చెప్పవలసియున్నది. నిద్రనుబట్టి చూచినచో రాత్రి తెల్లవారువరకు ఉండును. గడియారమునుబట్టి చూచినచో పండ్రెండుతో తెగిపోవును. టెన్ ఎట్ నైట్ అందురు, ఎలెవెన్ ఎట్ నైట్ అందురు. పండ్రెండు దాటి రెండయినచో టూ ఇన్ ద మార్నింగ్ అందురు. బయట చిమ్మచీకటి, కుక్కలు మొరుగుచుండును, అయినను అది మార్నింగ్. మన పిల్లలకు ఇది వింతగా తోచును. మనము ‘రాత్రి రెండు గంటలకు’ అందుము. మూడు దాటినపిదప ‘తెల్లవారుజామున’ అందుము. కావున ‘రాత్రి రెండు గంటలకు’ అనుదానిని ఇంగ్లీషు చేయునపుడు వేళతోబాటు వారమును, తేదీని కూడ దిద్దవలెను. శుభలేఖలోని ‘శనివారము రాత్రి తెల్లవారితే ఆదివారము’ అనునది ఇన్ ది ఎర్లీ అవర్స్ ఆఫ్ సండే అగును. శాటర్‌డే నైట్ అని మాత్రము వ్రాసి ఊరకున్నచో చుట్టములు కొందరు భోజనాలవేళకే దిగుదురు, ఆదివారము ఎ.ఎమ్. అని మాత్రము వ్రాసినచో కొందరు ఆదివారము రాత్రి దిగి, ఖాళీ పందిరి చూచి పోవుదురు.

రైలుబండి విషయములో ఈ పొరపాటు ఈనాటికిని జరుగుచునే ఉన్నది. రైల్వేవారు ఇరువది నాలుగు గంటల గడియారము వాడుదురు. 15వ తేదీ 00.30 అని టిక్కెట్టుమీద ఉన్నచో, 14వ తేదీ రాత్రి భోజనము చేసి స్టేషనుకు బయలుదేరవలెను. 15వ తేదీ రాత్రి పెట్టెలు మోసికొని వచ్చినవానికి బండి వెళ్ళి ఇరువది నాలుగు గంటలయినదని తెలియును. అట్టివారిలో చదువుకొన్నవారు లేరనుకొనకుడు.

అర్ధరాత్రి సంగతి మరియు చిత్రము. ఎ.ఎమ్., పి.ఎమ్. అనునవి లాటిను మాటలకు పొడి అక్షరములు. మధ్యాహ్నమునకు ముందు, మధ్యాహ్నమునకు వెనుక అని వాటి అర్థము. అట్లయిన మధ్యాహ్నము తనకు తాను ముందును కాదు, వెనుకయు కాదు. అర్ధరాత్రియో గడచిన దినమునకు చివర, రానున్న దినమునకు మొదలు. అందుచేతనే జాగ్రత్తగలవారు 12 నూన్, 12 మిడ్‌నైట్ అని వ్రాయుదురు. దస్తావేజులు వ్రాయువారు కొందరు ఒక్క నిమిషము ఇటో అటో జరిపి 11.59 అనియో 12.01 అనియో వ్రాసి సందేహమునుండి తప్పించుకొందురు. 1947 ఆగస్టు 14 రాత్రి పదకొండు గంటలకు రాజ్యాంగసభ ఢిల్లీలో కూడినది. నెహ్రూ ప్రసంగము అర్ధరాత్రికి ముందే జరిగినది. స్వాతంత్ర్యము మాత్రము 15వ తేదీన వచ్చినది. ఆ సమావేశమును గూర్చి ఇంగ్లీషులో వ్రాయు విద్యార్థి ఆన్ ద నైట్ ఆఫ్ ఆగస్ట్ 14 అనియు, స్వాతంత్ర్యమును గూర్చి ఎట్ మిడ్‌నైట్ అనియు వ్రాయవలెను. ఒకే రాత్రికి ఆన్ ఒకటి, ఎట్ ఒకటి.

ఇంగ్లీషువారు ఎల్లకాలము అర్ధరాత్రితోనే దినము ఆరంభించిరని తలపరాదు. పూర్వము వారి లెక్కలో రాత్రి ముందు, పగలు వెనుక. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో జర్మను తెగలను గూర్చి వ్రాసిన రోము చరిత్రకారుడు టాసిటస్, వారు దినములను గాక రాత్రులను లెక్కింతురని చెప్పినాడు. పక్షమునకు ఇంగ్లీషులో నేటికిని ఫోర్ట్‌నైట్ అందురు. అది పదునాలుగు రాత్రులు. వారమునకు సెన్నైట్, అనగా ఏడు రాత్రులు, అను మాటయు ఉండెడిది. ఇప్పుడది పాత గ్రంథములలో తప్ప కనబడదు. పాత ఇంగ్లీషులో ‘ఆదివారపు రాత్రి’ అన్నచో ఆదివారమునకు ముందు వచ్చు రాత్రి, అనగా మన శనివారము రాత్రి. క్రిస్మస్ ఈవ్ అను మాటలో ఆ పాత అలవాటు మిగిలియున్నది. జర్మనీలో కొన్ని ప్రాంతములవారు శనివారమునకు ‘జొనాబెంట్’ అందురు. ఆదివారపు సాయంకాలమని దాని అక్షరార్థము. మనవారును రేయింబవళ్ళు, రాత్రింబవళ్ళు అని రాత్రినే ముందు చెప్పుదురు.

మార్నింగ్ అను మాటకును ఒక చిన్న కథ కలదు. ఈవినింగ్ అను మాట ముందు పుట్టినది. పొద్దుగుంకుట అని దాని అర్థము. ఉదయమునకు అప్పుడు మార్న్ అనియే ఉండెడిది. సాయంకాలమునకున్న తోకను చూచి ఉదయము కూడ అట్టి తోకనే తగిలించుకొని, పదమూడవ శతాబ్ది ప్రాంతమున మార్నింగ్ అయినది. నూన్ కథ ఇంకను వింత. లాటినులో అది తొమ్మిదవ గంట. సూర్యోదయమునుండి తొమ్మిది గంటలు, అనగా మన మధ్యాహ్నము మూడు. మఠములలో ఆ వేళ జరుగు ప్రార్థనకు ఆ పేరుండెడిది. అది క్రమముగా ముందుకు జరిగి పదునాలుగవ శతాబ్దినాటికి పండ్రెండు వద్ద నిలిచినది. ఆకలి దానిని ముందుకు జరిపినదని కొందరందురు, నేను నమ్ముదును.

టుమారో అను మాటలోని మారో కూడ ఉదయమే. రేపు అనుటకు ఇంగ్లీషువాడు ‘ఉదయమునకు’ అన్నాడు. జర్మనుభాషలో నేటికిని ఉదయమునకును, రేపటికిని మోర్గెన్ అను మాట ఒక్కటే. దీనికి మన పిల్లలు ఆశ్చర్యపడనక్కరలేదు. పాత తెలుగులో రేపు అనగా ప్రాతఃకాలమే. రేపకడ అన్నచో ఉషోవేళ. రేపుమాపు అన్నప్పుడు అది మాపునకు జోడుగా ఉదయమువలెనే నిలుచుచున్నది. ఇంగ్లీషువాడును, తెలుగువాడును ఒకరి మొగము ఒకరు చూడని కాలముననే, రాబోవు దినమునకు దాని ఉదయము పేరే పెట్టుకొన్నారు.

చివరకు గుడ్ నైట్. సాయంకాలము ఏడున్నరకు పాఠము చెప్పించుకొనుటకు వచ్చు పిల్లలు గుమ్మములో అడుగిడుచునే “గుడ్ నైట్ మాస్టారూ” అందురు. చీకటి పడినది, నైట్ వచ్చినది, కాబట్టి గుడ్ నైట్ అని వారి లెక్క. కాని ఇంగ్లీషులో కలిసికొన్నప్పుడు ఎంత రాత్రియైనను గుడ్ ఈవినింగ్ అనియే అందురు. విడిపోవునపుడును, పడుకొనబోవునపుడును మాత్రమే గుడ్ నైట్. మనకు వేళనుబట్టి పలుకరించు ఆచారమే లేదు. శుభోదయము, శుభరాత్రి అనునవి ఇంగ్లీషు చూచి అల్లుకొన్న మాటలు. మన ఇండ్లలో వచ్చినవానిని ‘రా, కూర్చో, భోజనమైనదా’ అందురు. పోవువాడు ‘వెళ్ళొస్తాను’ అనును. గుమ్మములోనే గుడ్ నైట్ చెప్పిన పిల్లవానిని నేనిప్పుడు దిద్దుట కొంత ఆలస్యము చేయుచున్నాను. పాఠము ముగిసి, పుస్తకములు సర్దుకొని, చెప్పులు తొడుగుకొనుచుండగా, “ఇప్పుడు చెప్పరా” అందును.